అలీపూర్ రికార్డులు – మన డ్యూటీ గంటలు

2024 ఏప్రిల్ 30వ తేదీన కలకత్తా నగరంలోని అలీపూర్ వాతావరణ కార్యాలయంలో 43 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైనది. 1954 ఏప్రిల్‌లో 43.3 డిగ్రీలు నమోదైన పిమ్మట, 70 సంవత్సరాల కాలంలో ఏప్రిల్ నెలలో ఆ నగరం ఇంతటి వేడిమిని ఎరుగదు. అదే రోజున, ఖరగ్‌పూర్ ప్రక్కనే ఉన్న కలైకుండాలో 47.2 డిగ్రీలు నమోదైనది. ఆ రోజులలో సాధారణంగా ఉండవలసిన దానికంటె ఇది 10 డిగ్రీలకు పైగా అధికం.

ఖరగ్‌పూర్ పేరు వినని తెలుగు రైల్వే కుటుంబం అరుదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర పల్లెలను విడిచి, ఆ వర్కుషాపునూ ఆ యార్డునూ నమ్ముకొని వెళ్ళినవారి మనుమలు, మునిమనుమలు నేటికీ అక్కడ ఉన్నారు. వి.వి. గిరి గారు 1920ల చివర ఆ రైల్వే కార్మికులను సంఘటితం చేసి సమ్మె నడిపించిన గడ్డ అది. కలకత్తా మహానగరంలో కూడ గార్డెన్‌రీచ్ మొదలుకొని హౌరా వరకు మనవారు ఎందరో ఉన్నారు. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినను, మన ఇండ్లలో అది ఇప్పటికీ కలకత్తాయే.

ఆ ఏప్రిల్ 30న కూడ రైళ్ళు నడిచినవి, ఉత్తరాలు బట్వాడా అయినవి. ఆ రోజు ఉష్ణోగ్రత ఎంతో దశాంశంతో సహా రికార్డు ఉన్నది. ఆ ఎండలో పట్టాల వెంట నడిచిన ట్రాక్‌మన్లలో, వీధుల వెంట తిరిగిన పోస్ట్‌మన్లలో ఎందరికి కళ్ళు తిరిగినవో, ఎందరు కూలబడినారో, ఎందరు తమ సొంత సెలవు పెట్టుకొని ఇంటి ముఖం పట్టినారో చెప్పగల రికార్డు మన చేతిలో లేదు. మొదటి రికార్డు వలన లోకానికి ఒక సత్యం తెలియవచ్చినది. రెండవ రికార్డు లేనందువలన మన హక్కు ఒకటి మరుగున పడియున్నది. ఈ వ్యాసం చెప్పదలచినది ఇంతే.

రికార్డు ఎట్లు పుట్టినది

వాతావరణ రికార్డు అనునది ఏదో ప్రయోగశాలలో పండితులకు తోచిన ఊహ కాదు. మన దేశంలో అది ప్రజల ప్రాణనష్టం నుండి పుట్టినది. 1864 అక్టోబరు 5న కలకత్తాను ఒక పెనుతుఫాను ముంచినది. హుగ్లీ నదిలోనికి ఎగదన్నిన సముద్రపు ఉప్పెనకు ఓడలు చెల్లాచెదరైనవి. మృతులు సుమారు 60 వేలని అంచనా. నెల తిరుగక ముందే, అదే సంవత్సరం నవంబరు 1న, మచిలీపట్నాన్ని మరొక ఉప్పెన ముంచినది. అక్కడ సుమారు 30 వేల మంది బలియైనారు. బంగాళాఖాతానికి ఈ ఒడ్డున తెలుగువారు, ఆ ఒడ్డున వంగవాసులు ఒకే కడలికి ఒకే శిస్తు చెల్లించిన సంవత్సరం అది.

ఆ అనుభవం తరువాతనే 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగినది. 1866లో వానలు లేక ఒరిస్సా క్షామం లక్షలాది మందిని పొట్టన పెట్టుకొన్నది. 1871లో వర్షాలు మళ్ళీ దెబ్బతిన్నవి. ఇన్ని దెబ్బలు తగిలిన మీదట 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. దాని తొలి ప్రధాన కార్యాలయం కలకత్తాయే. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దానికి తొలి అధికారి. ‘సైక్లోన్’ అను మాటను 1840లలో కల్పించిన హెన్రీ పిడింగ్టన్ కూడ కలకత్తాలో పనిచేసినవాడే.

ఇందులో మన వాటా ఏమిటని అడుగవచ్చును. ఉన్నది, గణనీయంగా ఉన్నది. ఊరూర ఉష్ణమాపకం, వర్షమాపకం చూచి వ్రాసిన చిరుద్యోగులు, ఆ అంకెలను తంతి ద్వారా కలకత్తాకు చేరవేసిన తంతి ఉద్యోగులు లేనిదే ఈ శాఖకు కన్నూ లేదు, చెవీ లేదు. దేశంలో తొలి తంతి మార్గాలలో ఒకటి 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బరుకు వేసినది. 2013 జూలైలో తంతి సేవ ముగిసేవరకు ఎన్ని వాతావరణ వార్తలు మనవారి చేతివ్రేళ్ళ మీదుగా సాగిపోయినవో లెక్కింపజాలము. నేడు శాస్త్రజ్ఞులు భూమి వేడెక్కుచున్నదని చెప్పగలుగుచున్నారన్న, దాని వెనుక ప్రతి ఉదయం తప్పకుండ ఒక అంకెను చూచి, ఒక గడిలో వ్రాసి, పైకి పంపిన వేలాది సామాన్య ఉద్యోగుల నూట యాభై సంవత్సరాల శ్రమ ఉన్నది.

“పాత రికార్డు ఇంకను నిలిచియున్నది కదా?”

ఇక్కడ ఒక ఆక్షేపణను నిజాయితీగా ఎదుర్కొనవలసి ఉన్నది. మన సోదరులలోనే కొందరు ఇట్లు అడుగుచున్నారు: “కలకత్తాలో అత్యధిక ఉష్ణోగ్రత 43.9 డిగ్రీలు. అది ఏనాటిదో పాత రికార్డు. ఏప్రిల్ రికార్డు 1954 నాటిది. ఒక్క రోజు వర్షపు రికార్డు 1978 సెప్టెంబరులో కురిసిన 369.6 మిల్లీమీటర్లు. ఇవి ఏవియు ఇటీవల చెదరలేదు. మరి వాతావరణం మారినదని ఎట్లు నమ్మవలెను?”

ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఒక ఊరిలో ఒక రోజు నమోదైన అంకె ఏ వాదానికీ తిరుగులేని ఋజువు కాజాలదు. ఎండ, వాన ఏటేటా హెచ్చుతగ్గులు కావడం ప్రకృతి సహజం. మన పురాణంలోని జూదాన్ని జ్ఞాపకం చేసుకొందము. శకుని వేసిన ఏ ఒక్క పందెమును చూచినను మోసం బయటపడదు. ఆ పందెం ఎవరికైనను పడవచ్చును. వరుసగా పడిన పందేలన్నింటినీ లెక్కించినప్పుడే పాచికలలో ఏదో ఉన్నదని తెలియును. వాతావరణంలో కూడ అడుగవలసిన ప్రశ్న “నేటి అంకె అన్నింటికంటె పెద్దదా?” అన్నది కాదు. “ఇటువంటి అంకెలు పడే తరచుదనం పెరిగినదా?” అన్నది అసలు ప్రశ్న.

దానికి సమాధానం ఉన్నది. మన కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారం 1901 నుండి 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం 1951 నుండి 2015 వరకు సుమారు 1 డిగ్రీ వేడెక్కినది. 2024వ సంవత్సరం, 1901 నుండి ఉన్న లెక్కలలో భారతదేశానికి అత్యంత వేడియైన సంవత్సరమని మన వాతావరణ శాఖయే ప్రకటించినది. ఐక్యరాజ్యసమితికి చెందిన వాతావరణ మార్పుల సంఘం 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, 1950 నుండి 2018 వరకు కలకత్తా నగరపు ఉష్ణోగ్రత 2.6 డిగ్రీలు పెరిగినది. ఇందులో కొంత భాగం లోకమంతట పెరిగిన వేడిమి. మిగిలినది చెరువులు పూడ్చి, చెట్లు నరికి, కాంక్రీటు పోసి మనుషులు తెచ్చిపెట్టుకొన్న నగరపు వేడిమి. శ్రామికుని ఒంటికి మాత్రం రెండూ కలిసియే తగులును.

2024 ఏప్రిల్‌లో దక్షిణాసియాను దహించిన వేడిమిని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందమొకటి పరిశీలించినది. మానవుల వలన కలిగిన వాతావరణ మార్పు లేని లోకంతో పోల్చినప్పుడు, అటువంటి ఏప్రిల్ వచ్చే అవకాశం సుమారు 45 రెట్లు పెరిగినదని, వేడిమి సుమారు 0.85 డిగ్రీలు హెచ్చినదని వారు తేల్చిరి. 0.85 అనునది చిన్న అంకెగా తోచవచ్చును. సగటు కొద్దిగా జరిగినప్పుడు అంచులలోని అరుదైన రోజులు అనేక రెట్లు పెరుగునన్నదే ఇందులోని కిటుకు. వెనుకటి తరం జీవితకాలంలో ఒకసారి చూచిన ఎండను, మన తరం డ్యూటీ చార్టులో మాటిమాటికి చూడవలసి వచ్చుచున్నది.

చెమట ఆరని ఎండ

కలకత్తా ఎండను గురించి మరొక మాట చెప్పవలెను. రెంటచింతల ఎండకూ కలకత్తా ఎండకూ తేడా ఉన్నది. మన పల్నాటి ఎండ పొడి ఎండ. చెమట పట్టినది పట్టినట్లు ఆరిపోయి ఒంటిని కొంత చల్లబరచును. గంగా ముఖద్వారపు గాలిలో తడి అధికం. చెమట కారును గాని ఆరదు. ఆరని చెమట ఒంటిలోని వేడిని బయటకు తీసికొనిపోలేదు. అందుచేత 38 డిగ్రీల కలకత్తా మధ్యాహ్నం కొన్నిసార్లు 43 డిగ్రీల పొడి ఎండకంటె ప్రమాదకరం. 2023 ఏప్రిల్‌లో భారత, బంగ్లాదేశ్‌లను ఉడికించిన ఇటువంటి తడి వేడిమి, వాతావరణ మార్పు వలన కనీసం 30 రెట్లు ఎక్కువ సంభావ్యమైనదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి.

వాతావరణ శాఖ మైదాన ప్రాంతాలలో 40 డిగ్రీలు, తీర ప్రాంతాలలో 37 డిగ్రీలు దాటి, సాధారణంకంటె 4.5 డిగ్రీలు హెచ్చినప్పుడు వడగాడ్పులని ప్రకటించును. ఆ ప్రకటన రేడియోలో వినవచ్చును, పత్రికలో చదువవచ్చును. పోస్ట్‌మన్ బీటు మీద గాని, గ్యాంగు పని మీద గాని అది తనంతట తానుగా ఏ మార్పునూ తేదు. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు గోడకు అంటుకొనియుండును. మనిషి ఎండలోనికి పోవుచుండును.

వాన లెక్క, గాలి లెక్క

ఎండ సంగతి ఇట్లుండగా, 2025 సెప్టెంబరు 22 రాత్రి నుండి 23 ఉదయం వరకు, దుర్గాపూజకు నగరం ముస్తాబగుచున్న వేళ, కలకత్తాలో 251.4 మిల్లీమీటర్ల వర్షం కురిసినది. 137 సంవత్సరాల లెక్కలో ఒక్క రోజు వర్షాలలో ఇది ఆరవ స్థానం. నగరపు దక్షిణాన గరియా ప్రాంతంలో 332 మిల్లీమీటర్లు నమోదైనది. హౌరా, సియాల్దా యార్డులలో పట్టాలు నీట మునిగినవి. సర్క్యులర్ రైలు ఆగిపోయినది. మెట్రో రైలు మార్గంలో కొంత భాగం నిలిచిపోయినది.

కారణం కష్టమైనది కాదు. గాలి 1 డిగ్రీ వేడెక్కినచో అది సుమారు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని మోయగలదు. అడుగున కడలి కూడ వేడెక్కి ఆవిరిని ఎక్కువగా అందించుచున్నది. మోసినదంతయు ఒకచోట దింపినప్పుడు, వెనుకటి రోజులలో మూడు నాలుగు రోజులకు కురిసే వాన కొన్ని గంటలలో కురియును. నగరపు కాలువలు పాత వానకు త్రవ్వినవి. హుగ్లీలో పోటు వచ్చినప్పుడు తూముల తలుపులు మూయవలసియుండును. ఆ సమయంలో పడిన నీరు వీధులలోనే నిలుచును.

తుఫానుల విషయంలో కూడ అతిశయోక్తి లేకుండ చెప్పవలెను. బంగాళాఖాతంలో ఏటా పుట్టే తుఫానుల మొత్తం సంఖ్య పెరుగలేదు, వెనుకటికంటె కొంత తగ్గినదని కూడ లెక్కలున్నవి. కాని పుట్టినవాటిలో అతి తీవ్రమైనవాటి వంతు పెరుగుచున్నదని శాస్త్రజ్ఞుల ఆందోళన. 1999 అక్టోబరు నాటి ఒరిస్సా పెనుతుఫాను తరువాత బంగాళాఖాతంలో ఆ స్థాయికి చేరినది 2020 నాటి ‘అంఫాన్’. ఆ మే 20న డమ్‌డమ్ వద్ద గంటకు 130 కిలోమీటర్లకు మించిన గాలి వీచినది. పశ్చిమ బెంగాల్‌లో 90 మందికి పైగా మరణించిరి. కరోనా లాక్‌డౌన్ నడుమ వచ్చిన విపత్తు అది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మనవారు కనీసం 10 వేల మంది పోయినారు. హెచ్చరికలు, తరలింపులు మెరుగుపడినందుననే నేడు మృతుల సంఖ్య వేలనుండి పదులకు, వందలకు తగ్గినది. రికార్డును గౌరవించి, దానికి తగిన ఏర్పాటు చేసినచో ప్రాణాలు దక్కునని ఇంతకంటె ఏ ఋజువు కావలెను?

అన్ని నేరాలూ ఆకాశానివి కావు

ఇక్కడ మనం జాగరూకులమై ఉండవలెను. 2025 సెప్టెంబరు వానలో కలకత్తా పరిసరాలలో మరణించినవారిలో అత్యధికులు నీట మునిగి పోలేదు. నీటిలోనికి ప్రవహించిన విద్యుత్తు తగిలి పోయినారు. వాన కురిపించినది ఆకాశం, ఊడిన తీగను వదలివేసినది మనిషి. “వాతావరణ మార్పు” అను మాట యాజమాన్యాల చేతిలో కొత్త గొడుగుగా మారుటకు మనం సమ్మతింపరాదు. నిర్వహణకు డబ్బు తగ్గించి, ఖాళీలు నింపక, ప్రమాదం జరిగినప్పుడు “అపూర్వమైన వాన” అని తప్పించుకొనుట చెల్లదు. అపూర్వమైనది మరల మరల వచ్చునని తెలిసిన తరువాత అది అపూర్వం కాదు. దానికి సిద్ధపడకపోవుటయే నేరం.

మన తెలుగునాట ఈ పాఠం రక్తంతో వ్రాయబడినది. 2005 అక్టోబరు 29న వలిగొండ వద్ద వరదకు వంతెన కొట్టుకొనిపోగా డెల్టా ప్యాసింజరు నీటిలో పడి వందకు పైగా ప్రయాణికులు మరణించిరి. 2024 సెప్టెంబరు 1వ తేదీకి ముందు రాత్రి కురిసిన కుంభవృష్టికి ఇంటికన్నె–కేసముద్రం మధ్య కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఆనాడు రైళ్ళను సకాలంలో నిలిపివేసినందున అక్కడ ప్రాణనష్టం తప్పినది. ఈ రెండు రాత్రుల మధ్యనున్న భేదం సకాలంలో అందిన సమాచారం. చీకటిలో, వానలో, లాంతరు చేతబట్టి కట్ట వెంట నడిచే గస్తీవాడు తెచ్చేది అటువంటి సమాచారమే. వానలు పెరుగుచున్న కాలంలో ఆ గస్తీవారి ఖాళీలు నింపకుండుట ఎటువంటి పొదుపు?

పట్టాకు హద్దు ఉన్నది, మనిషికి లేదు

ఇప్పుడు మన పని విషయానికి వత్తము. ఉక్కు పట్టా వేడికి సాగును. ఒక కిలోమీటరు పట్టా 40 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 46 సెంటీమీటర్లు పొడవు పెరుగవలెను. నేడు పట్టాలను పొడవుగా అతికి, స్లీపర్లకు బిగించియున్నందున అది సాగలేదు. ఆ ఒత్తిడి లోపలనే నిలిచి, హద్దు దాటినప్పుడు పట్టా ప్రక్కకు వంకరపోవును. అందువలననే పట్టా ఉష్ణోగ్రతను కొలుచుటకు సాధనం ఉన్నది, ఇంత దాటినచో వేసవి గస్తీ తిరుగవలెనను నియమం ఉన్నది. ఇంజనీర్లు చేసిన మంచి నియమం అది. ప్రయాణికుల ప్రాణాలు కాపాడుచున్నది.

కాని ఆ నియమం పాటింపబడుటకు ఎవరు నడువవలెను? ఎండ ఎంత పెరిగినచో అంత ఎక్కువగా మన ట్రాక్‌మన్ పట్టాల మీద ఉండవలసి వచ్చును. కంకరరాయి క్రింద నుండి కాల్చుచుండును, సూర్యుడు పై నుండి కాల్చుచుండును. పట్టాకు ఇన్ని డిగ్రీలని హద్దు వ్రాసిన నియమావళిలో, ఆ పట్టా ప్రక్కన నడిచే మనిషికి ఇన్ని డిగ్రీలని హద్దు లేదు. రైల్వే పనిగంటల నియమాలు మన డ్యూటీలను ‘ఇంటెన్సివ్’, ‘కంటిన్యువస్’, ‘ఎసెన్షియల్లీ ఇంటర్‌మిటెంట్’ అని వర్గీకరించినవి. ఎంతసేపు పని, ఎంతసేపు విరామం అన్నదే అక్కడ కొలబద్ద. 30 డిగ్రీలలో ఎనిమిది గంటలూ 43 డిగ్రీలలో ఎనిమిది గంటలూ ఆ కొలబద్దకు ఒక్కటే.

తపాలా సోదరుల సంగతి కూడ ఇంతే. బీటు నిర్ణయంలో దూరం లెక్కకు వచ్చును, పంచవలసిన ఉత్తరాల, పార్సిళ్ళ సంఖ్య లెక్కకు వచ్చును, ఎండ లెక్కకు రాదు. గ్రామీణ డాక్ సేవకుల స్థితి మరింత శోచనీయం. నాలుగు లేక అయిదు గంటల పని అని కాగితం మీద వ్రాసి, పూర్తి ఉద్యోగి హోదా నిరాకరించి, సైకిలు మీద సంచితో పంపబడు ఆ సోదరునికి వడదెబ్బ తగిలినచో అది అతని స్వంత అనారోగ్యం క్రిందనే జమపడును.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ప్రకటించిన అంచనా ప్రకారం, వేడిమి ఒత్తిడి వలన 2030 నాటికి భారతదేశం తన పనిగంటలలో 5.8 శాతం కోల్పోవును. అది 3 కోట్ల 40 లక్షల పూర్తికాల ఉద్యోగాలకు సమానం. అదే సంస్థ 2024లో, ప్రపంచంలో 240 కోట్ల మంది కార్మికులు ఏటా అధిక వేడిమికి గురియగుచున్నారని తెలిపినది. కోల్పోయిన గంటను యాజమాన్యం నష్టం క్రింద వ్రాసికొనును. ఆ గంటలో కార్మికుడు కోల్పోయిన ఆరోగ్యాన్ని ఎవరు వ్రాయుదురు?

ఇది సంఘం పనియేనా?

“జీతభత్యాలు, పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలుండగా సంఘానికి వాతావరణంతో ఏమి పని?” అని అనువారున్నారు. వారికి చరిత్రనే సమాధానంగా చెప్పవలెను. 1946 జూలైలో తంతి తపాలా ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు, జూలై 29న కలకత్తా నగరమంతా వారికి మద్దతుగా పనిమాని నిలిచినది. రాజాధ్యక్ష తీర్పు దాకా, ఆ తరువాత 1974 మే నెల రైల్వే సమ్మెలో ఎనిమిది గంటల పని అను కోర్కె దాకా, మన పెద్దలు పోరాడినది కేవలం రూపాయి కొరకు కాదు, గంట కొరకు కూడ. మనిషి ఎంతసేపు పనిచేయగలడు అను ప్రశ్నకు గడియారం ఒక్కటే సమాధానం కాదనీ, ఉష్ణమాపకం కూడ చూడవలెననీ నేడు మనం చెప్పుచున్నాము. ఇది ఆ పోరాటానికి కొనసాగింపే.

భూమిని వేడెక్కించిన పాపంలో భారత కార్మికుని వాటా స్వల్పం. మన దేశంలో తలసరి కర్బన ఉద్గారాలు ప్రపంచ సగటుకంటె తక్కువ. వందల ఏండ్లుగా బొగ్గు, చమురు మండించి సంపన్నమైన దేశాలదే అధిక బాధ్యత. అయినను, మన రైల్వే సరకు రాబడిలో బొగ్గుది పెద్ద వాటా అన్నది కూడ మనం దాచరాని నిజం. రేపు బొగ్గు తగ్గునప్పుడు ఆ భారం బొగ్గు గని కార్మికుని మీద, సరకు రైలు సిబ్బంది మీద పడకుండ ఇప్పటినుండియే ఆలోచింపవలెను. లారీకంటె రైలు తక్కువ ఇంధనంతో ఎక్కువ సరకు మోయునన్నది మనకున్న బలమైన వాదం. రైల్వేను బలపరచుట వాతావరణ రక్షణ కూడ అని మనం గట్టిగా చెప్పవచ్చును.

మన కోర్కెలు, మన కర్తవ్యం

కావున మన కోర్కెలు స్పష్టంగా ఉండవలెను.

1. వాతావరణ శాఖ నారింజ, ఎరుపు హెచ్చరికలు జారీచేసిన రోజులలో, అత్యవసరం కాని బయటి పని మధ్యాహ్నపు వేళ నిలిపివేయవలెను. జీతంలో గాని, సెలవులలో గాని కోత ఉండరాదు. 2010 నాటి వడగాడ్పుల తరువాత అహమదాబాదు నగరం 2013లో వేడిమి కార్యాచరణ ప్రణాళికను అమలుచేసినది. ఒక నగరపాలక సంస్థకు సాధ్యమైనది కేంద్ర ప్రభుత్వ శాఖలకు అసాధ్యం కాదు.

2. బీటుల, గ్యాంగుల సిబ్బంది లెక్కలలో వేడిమిని ఒక అంశంగా చేర్చవలెను. వేసవిలో గంట గంటకు విరామం ఇచ్చుటకు చాలినంతమంది ఉండునట్లు ఖాళీలు నింపవలెను.

3. పని స్థలంలో నీడ, మంచినీరు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు హక్కుగా అందవలెను.

4. డ్యూటీలో తగిలిన వడదెబ్బను డ్యూటీలో జరిగిన ప్రమాదంగా గుర్తించి నష్టపరిహారం చెల్లించవలెను.

5. ఈ సౌకర్యాలన్నియు గ్రామీణ డాక్ సేవకులకు, కాంట్రాక్టు కార్మికులకు సమానంగా వర్తించవలెను. సూర్యునికి పర్మనెంటు, కాంట్రాక్టు అను భేదం తెలియదు.

అయితే కోర్కెల పత్రం ఒక్కటే చాలదు. బల్లకు ఆవలివైపు కూర్చొన్నవారు “ఎందరికి వడదెబ్బ తగిలినది? ఎక్కడ? ఏనాడు?” అని అడిగినప్పుడు మనం చూపగలిగినది ఏమున్నది? 1864లో కూడ ఎందరో “గాలి వచ్చినది, పోయినది” అని ఊరుకొనియుండవచ్చును. లెక్క వ్రాసినవారు ఉన్నందుననే హెచ్చరిక పుట్టినది. కాబట్టి ప్రతి బ్రాంచి సంఘం ఈ వేసవి నుండియే ఒక నోటుపుస్తకం ప్రారంభించవలెను. తేదీ, స్థలం, ఆనాటి గరిష్ఠ ఉష్ణోగ్రత, ఎన్ని గంటలు బయట పని, ఎవరికి ఏమి జరిగినది, చికిత్స దొరికినదా, సెలవు ఎవరి ఖాతాలో పడినది అను ఏడు గడులు చాలును. ఉష్ణోగ్రతను వాతావరణ శాఖ ప్రకటన నుండి తీసికొనవలెను. మిగిలినది మన సోదరుల నోటినుండి అదే రోజున వ్రాసికొనవలెను. పెంచి వ్రాయరాదు, తగ్గించి వ్రాయరాదు. ఏమియు జరుగని రోజున “ఏమియు లేదు” అని కూడ వ్రాయవలెను. అలీపూర్‌లో చేసినది ఇంతకంటె ఎక్కువేమీ కాదు.

మూడు వేసవులు ఇట్లు వ్రాసినచో, ఖరగ్‌పూర్ నుండి విజయవాడ వరకు, హౌరా నుండి కాజీపేట వరకు, కొట్టివేయ వీలులేని సాక్ష్యం మన చేతిలో ఉండును. అప్పుడు మన పక్షాన మాట్లాడేది మన ఆవేశం ఒక్కటే కాదు, మన అంకె కూడ. దేశపు వాతావరణాన్ని అంకెలలో భద్రపరచుటకు తోడ్పడిన ఉద్యోగవర్గం తన ఒంటి మీది ఎండను అంకెలలో భద్రపరచుకొనలేదా? తప్పక చేయగలదు. పుస్తకం తెరువుడు, మొదటి తేదీ వ్రాయుడు.